హెలెన్ గారి ఓక్ చెట్టు కింద పన్నెండు మంది

విల్లుతో జింకల వేట సీజన్ మా న్యూజెర్సీలో సెప్టెంబరులోనే మొదలవుతుంది. ఈసారి నేను దానికి సిద్ధపడడానికి కారణం మా వీధి చివర ఉండే వాల్టర్. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. మోకాలికి ఆపరేషన్ కావడంతో ఈ ఏడాది చెట్టెక్కి కూర్చోలేడని తేలింది. ఇరవై ఆరేళ్ళుగా తాను కూర్చుంటున్న చోటును నాకిచ్చాడు. ఉత్తరాన, హెలెన్ అనే పెద్దావిడ ఆపిల్ తోట వెనకున్న అడవి అది. కాగితం లేదు, కౌలు లేదు, మాట మీద నడుస్తున్న అనుమతి. ఆమె దగ్గరికి నన్ను స్వయంగా తీసుకెళ్ళి పరిచయం చేశాడు. వచ్చేటప్పుడు కార్లో ఒక్కటే అడిగాడు, ఆ చోటు ఎవరికీ చెప్పొద్దని.

సీజన్‌కి ముందే చెట్టు మీద కూర్చునే ఏర్పాటు చేసి రావాలని ఆగస్టు చివరి శనివారం తొమ్మిదింటికి మా ప్లెయిన్స్‌బరోలో బయల్దేరాను. 206 రోడ్డు పట్టుకుని ఉత్తరానికి పోతే గంటన్నర, పెట్రోలుకి పాతిక డాలర్లు చాలు. జింకలు పడుకునే మిట్టమధ్యాహ్నమే చెట్టు దగ్గరికి వెళ్ళాలన్నది వాల్టర్ నియమం. వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, మా వంటింటి పోపు సోకకుండా మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో దాచి, ఆ డబ్బాను బాల్కనీలో పెట్టుకున్నాను. ఆరు నెలలు వారానికి నాలుగు రోజులు ఇరవై గజాల దూరం నుంచి బాణాలు వేశాను. దారిలో ఒక చిన్న హోటల్లో ఆగితే వంటాయన నా బూట్లు చూసి, "బాణంతోనా? ఈ ఎండలకి మాంసం గంటల్లో పాడైపోతుంది. ఐస్ ముందే కొనిపెట్టుకో" అన్నాడు. మంచి మాటే. రెండు బస్తాల ఐస్ పట్టే పెట్టె కూడా కొన్నాను. ఎంత నమ్మకమో చూడండి.

తోట దగ్గర ఎప్పుడూ తెరిచుండే గేటుకి కొత్త గొలుసు కట్టి ఉంది. హెలెన్ గారి తలుపు తట్టాను, ఎవరూ పలకలేదు. కారు అక్కడే పెట్టి, చెట్టుకు బెల్టులతో కట్టుకుని కూర్చునే ఇనుప పీట, అదే ట్రీ స్టాండ్, వీపున వేసుకుని నడిచాను. దోమలు, జోరీగలు. పావుగంటలో ఓక్ చెట్టు చేరాను. ఏదైనా కదిలితే ఫొటో తీసే కెమెరా ఒకటి జూన్‌లో అక్కడ కట్టాను, దాని కార్డు తీసి ఫోన్‌కి పెట్టి చూశాను. రోజూ సాయంత్రం ఆరున్నరకి మూడు ఆడ జింకలు, వెనకాల ఎనిమిది కొనల కొమ్ములున్న మగది. ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు మంది మనుషులు. దుప్పటి పరిచి పులిహోర తింటున్నారు. ఇద్దరు పిల్లలు షటిల్ ఆడుతున్నారు. మధ్యలో మా అపార్ట్‌మెంట్ కిశోర్, కెమెరా వైపు తిరిగి చెయ్యి ఊపుతున్నాడు. ఆ ఆదివారం తర్వాత రెండు వారాల్లో ఉడతలు తప్ప ఏమీ లేవు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను.

"చెప్దామనుకున్నా బావా. పిల్లలకి జింకల్ని చూపిద్దామని వెళ్ళాం. నువ్వే కదా మ్యాప్‌లో పిన్ పంపావ్" అన్నాడు కిశోర్.

"నీకు పంపాన్రా. అది ఒకరి పొలం."

"ఆ ఆంటీని అడిగే పార్క్ చేశాం. నీ పేరే చెప్పాం. లడ్డూలు కూడా ఇచ్చాం. ప్లేట్లు అన్నీ ఎత్తేశాం బావా, ఏం పాడు చెయ్యలేదు."

ఫోన్ పెట్టేశాను. జూలైలో ఓసారి వచ్చి కార్డులో చూసిన ఆ కొమ్ముల ఫొటోని మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. నలుగురు శభాష్ అంటే ఒళ్ళు తెలియలేదు. "ఎక్కడ బావా" అని వాడు విడిగా అడిగితే, మనవాడే కదా అని పంపాను. మనకి మంచి చోటు దొరికితే నలుగురికీ చెప్పకుండా ఉండలేం. అది ప్రేమ అనుకుంటాం.

తిరిగి వచ్చేసరికి హెలెన్ గారు నా కారు పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో కిశోర్ వాళ్ళ స్టీలు డబ్బా, శుభ్రంగా తోమినది.

"మీ వాళ్ళు మర్యాదస్తులు. పిల్లలు థాంక్యూ కూడా చెప్పారు" అన్నారామె. "కానీ వాల్టర్ ఇన్నేళ్ళలో నా దగ్గరికి తెచ్చింది నిన్నొక్కడినే. ఇక ఎవరూ వద్దు. అతను కూడా. నేను ఫోన్ చెయ్యను, నువ్వే చెప్పు."

క్షమించమని అడిగాను. ఆమె తలూపి లోపలికి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి వాల్టర్ వరండాలో ఉన్నాడు, కాలు స్టూలు మీద పెట్టుకుని. "ఎంత ఎత్తున కట్టావ్?" అని ఉత్సాహంగా అడిగాడు. అంతా చెప్పాను. కాలు స్టూలు మీంచి కిందికి దించాడు. "జింక పోతే పోయింది" అన్నాడు. "ఆమె భర్త చనిపోయిన ఏడాది ఆ తోట కంచె నేనే వేశాను. ప్రతి క్రిస్మస్‌కి వెళ్తాను. ఇప్పుడు ఆ తలుపు ఎలా తట్టను?"

కిశోర్ మీద కోపం వారంలో చల్లారింది. వాడికి తెలియదు, నాకు తెలుసు. ఒక మనిషి ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకుని కాపాడుకున్నదాన్ని నేను నాలుగు శభాష్‌లకి ఇచ్చేశాను. సీజన్ మొదలైన రోజు ఆఫీసుకి వెళ్ళాను. వాల్టర్ ఇప్పుడు కూడా కనిపిస్తే చెయ్యి ఊపుతాడు, కానీ లోపలికి రమ్మనడు.

మీరూ వేటకి సిద్ధమవుతుంటే ఒక్క మాట: కొమ్ముల ఫొటో పెట్టాలనిపిస్తే, ముందు ఆ చోటు మీకు చూపించిన మనిషికి ఫోన్ చేసి అడగండి. నేను ఆ రోజు వాల్టర్‌ని అడిగి ఉంటే వద్దనేవాడు. అడగకపోవడానికి కారణం కూడా అదే.