కాఫీ తొణకని గేరు

రాబర్ట్‌సన్‌పేటలో గేర్‌బాక్సులకు ప్రాణం పోసిన ఆరోగ్యదాస్ మేస్త్రి గురువారం ఉదయం గుండె ఆగి ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. శనివారానికని ఇస్త్రీ చేయించుకున్న చొక్కాను ముందురోజే నాకు చూపించి మురిసిన మనిషి! ఏడో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టేసిన నాకు ఆయన షెడ్డే విద్యాలయం.

ఆయన బోధన విలక్షణం. డాష్‌బోర్డు మీద లోటాలో ముప్పాతిక వంతు కాఫీ పోసిపెట్టి, నాచేత కారును చాంపియన్ రీఫ్స్ రోడ్డు ఎత్తు ఎక్కించేవారు. గేరు మారిన సంగతి కాఫీకి తెలియకూడదు. మొదటిరోజే నేను సగం ఒలకబోశాను.

“యాడ చూస్తా ఉండావురా? కాఫీ నీకిస్తినా, కారుకు తాపమంటినా?”

“కారుకు తలనొప్పిగా ఉండాదంట మేస్త్రీ!”

“నువ్వు ఎక్కినాక రాకుండా ఉంటుందా?”

స్పోర్ట్స్ కార్లంటే ఆయనకు అపారమైన అనురాగం. కానీ ఇప్పుడు వచ్చేవాటిలో చాలావాటికి గేర్లు తమంతట తామే మారతాయి. ఒకసారి బెంగళూరు ఆసామి ఒకాయన అలాంటి కారు తెచ్చి, నడిపి చూడమన్నాడు. మేస్త్రి ఎడమకాలు అలవాటు కొద్దీ, అక్కడ లేని క్లచ్ కోసం వెళ్లి బ్రేకును అదిమింది. కారు ఎగిరిపడి ఆగింది. నేను పడీపడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. దిగి మోకాలు నిమురుకుంటూ అన్నారు:

“ఈ కాలికి ఇంగ పని లేదంటారప్పా. కొత్త స్పోర్ట్స్ కారులో ఒక్క తూరి నా చేత్తో గేరు వేసినానంటే చాలు.”

ఆ నవ్వుకు ప్రాయశ్చిత్తంగా మాటిచ్చాను. ఏ షోరూముకు ఫోను చేసినా “ఆటోమేటిక్ ఒకటే సార్” అన్నారు. ఏడాది తిరిగాక, బెంగళూరులో ఒకచోట మాన్యువల్ కారు ఉందని, శనివారం వచ్చి నడిపి చూడవచ్చని చెప్పారు. ఆ ఇస్త్రీ చొక్కా అందుకే.

శనివారం ఇద్దరం బయలుదేరాం, సమాధుల తోటకు. ఆయనకు తొడిగింది ఆ చొక్కాయే. చర్చివారి శవవాహనం పాతది, చేత్తో గేర్లు వేసేది, ఆయన బాగుచేసినదే. నేనే నడుపుతానన్నాను. ఎత్తులో మూడు నుంచి రెండుకు మార్చేటప్పుడు కళ్లు మసకబారి క్లచ్ తొందరగా వదిలేశాను. బండి కుదిపింది, వెనక పెట్టె కదిలిన చప్పుడు వినబడింది. తిట్టు పడుతుందని, ఎప్పటిలాగే భుజాలు ముడుచుకుని కాచుకున్నాను.

గురువర్యా, ఆ ఒక్క గేరును మన్నించండి. కాఫీ ఒలికిందని చెప్పే నోరు ఇక ఈ ఊళ్లో లేదు.