కుందేళ్ళ మేడం

మా మేడం పోయారని ఆమె ఇంటి యజమానురాలు ఫోన్ చేసి చెప్పింది. పొద్దున తలుపు దగ్గర పెట్టిన పాలపాకెట్టు ఎండ ఎక్కినా అక్కడే ఉండడం చూసి పైకి వెళ్ళి పిలిచిందట. పలకకపోతే పక్కింటివాళ్ళ చేత తలుపు తీయించిందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. "ఎవురికి చెప్పాల్నో తెలీక నీకు చేస్తాండానమ్మా. గోడ మింద నీ నంబరొక్కటే రాసిపెట్టుకోని ఉండాది" అంది. నేను ఉండేది కర్నూలులోనే. షేర్ ఆటో ఎక్కి కల్లూరు చేరేలోపు ఇంకెవరికి చెప్పాలా అని ఆలోచించాను. ప్రొద్దుటూరులో ఒక తమ్ముడున్నాడని తెలుసు. అంతకు మించి ఎవరూ తట్టలేదు.

ఇది చదివేవారిలో ఆమెను ఎరిగినవాళ్ళు ఉండకపోవచ్చు. అందుకే రాస్తున్నాను.

కల్లూరు పక్కన చిన్న చిన్న కంపెనీల మధ్య మా ల్యాబు ఉండేది. కొత్తగా తయారైన రసాయనం ఒంటికి తగిలితే ఏమవుతుందో చూసి కాగితం ఇవ్వడం మా పని. చదువు ముగించి నేను అక్కడ చేరేసరికి ఆమె జంతువుల విభాగానికి పెద్ద. అందరూ చాటుగా కుందేళ్ళ మేడం అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకూ తెలుసు.

చర్మాన్ని మండిస్తుందా లేదా అన్న పరీక్ష ఎలా చేస్తారో నాకు నేర్పింది ఆమే. ముందురోజు కుందేలు వీపు మీద బొచ్చు కత్తిరించాలి. చిన్న గాటు పడినా ఆ కుందేలును పక్కన పెట్టాలి. మర్నాడు రసాయనంలో తడిపిన చిన్న గుడ్డముక్కను ఆ చోట అంటించి నాలుగు గంటలు ఉంచాలి. తర్వాత తీసి, గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, మూడు రోజుల పాటు ఎరుపెక్కిందా, వాచిందా అని చూడాలి. మొదట ఒక్క కుందేలుతోనే మొదలుపెట్టాలి. దానికి మరీ చేటు జరగకపోతేనే ఇంకో రెండు.

ఆ నాలుగు గంటలూ గదిలో ఉండాలని ఎవరూ అనలేదు. మధ్యమధ్య వచ్చి చూస్తే చాలు. ఆమె మాత్రం స్టూలు లాక్కుని పంజరం ముందు కూర్చునేవారు. ఎందుకని అడిగితే, "ఇది అరవదమ్మా. నొప్పైనా అరవదు. అరవని దాని దగ్గర మనిషి ఉండాల" అన్నారు. కుందేళ్ళకు పేర్లు పెట్టేవారు కాదు, నన్నూ పెట్టనివ్వలేదు. పరీక్ష అయ్యాక ఏ కుందేలునైనా చంపక తప్పకపోతే ఆ పని ఇంకొకరికి అప్పజెప్పేవారు కాదు. ఆ రోజు టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకుపోయేవారు.

ఒకసారి ఇంటి యజమానురాలు మీరేం ఉద్యోగం చేస్తారని అడిగిందట. ఈమె దాచకుండా చెప్పారు. అప్పటిదాకా పండగలకీ పబ్బాలకీ పైకి వచ్చే పళ్ళేలు ఆ రోజుతో ఆగిపోయాయి. మెట్ల మీద ఎదురైతే పిల్లల్ని లోపలికి పిలుచుకునేదట. ఆ సంగతి నాకు నవ్వుతూనే చెప్పారు. "ఆఫీసులో నన్ను కుందేళ్ళ పక్షం అంటారు. ఇంటికాడ కుందేళ్ళను సంపేదంటారు. రెండుచోట్లా నాతో అన్నం తినేవాళ్ళు లేరు చూడు" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో కడప వైపు నుంచి ఒకాయన ఒక ద్రావకం తెచ్చాడు. నాపరాళ్ళకు మెరుపు తెచ్చే మందు. పాలిష్ ఫ్యాక్టరీల్లో దాన్ని షైనింగ్ మందు అంటారు. ఆడవాళ్ళు గుడ్డ ముంచి రాతికి పూస్తారు. ఒక పెద్ద కట్టడాల కంపెనీ ఆ మందు కొనాలంటే చర్మానికి చేటు చేయదన్న కాగితం అడిగిందట. మొదటి కుందేలు వీపు మరుసటి రోజుకే ఎర్రబడింది. మిగతా రెండింటికీ అంతే. మూడో రోజుకు ఆ చోట పొక్కు కట్టింది.

ఫలితం తెలిసి ఆయన స్వయంగా వచ్చాడు. మర్యాదస్థుడు. ఇంకో మూడు కుందేళ్ళు పెట్టి చూడమని, ఖర్చు తానే పెట్టుకుంటానని చేతులు కట్టుకుని అడిగాడు.

"అవి చెప్పేది చెప్పినాయప్పా" అన్నారు మేడం. "మళ్ళా అడిగితే వేరే మాట చెప్పవు. ఊరికే ఇంకో మూడింటిని కాల్చినట్టయితాది."

ఆయన వెళ్ళిపోయాక మేనేజరు ఆమెను పిలిపించి, కాగితంలో 'మండిస్తుంది' అన్నదాని ముందు 'స్వల్పంగా' అన్న ఒక్క మాట చేర్చితే ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడట. ఆమె చేర్చలేదు. కడప ఆయన ఆ పరీక్ష ఇంకెక్కడో చేయించుకుని, కావలసిన కాగితం తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది. మేనేజరు ఆమెను ఒక్క మాటా అనలేదు, మాట్లాడడం తగ్గించాడంతే. అతను తగ్గించాడని మిగతావాళ్ళూ తగ్గించారు. అప్పటికే నన్ను వేరే భవనంలోకి మార్చారు. మధ్యాహ్నం అటువైపు వెళ్తే పంజరాల గది పక్కన ఒక్కరే గోడకేసి కూర్చుని తింటూ కనిపించేవారు.

ఆమెను నిజంగా తినేసింది అది కాదు. పరీక్షకు వచ్చిన వస్తువు గురించి బయట నోరు విప్పకూడదని ఉద్యోగంలో చేరినప్పుడే మాట ఇచ్చి ఉన్నాం. ఆ మందు మార్కెట్టులోకి పోయింది. ఎవరి చేతులు అందులో మునుగుతున్నాయో ఆమెకు తెలుసు. చెప్పడానికి లేదు.

ఒక ఆదివారం బేతంచెర్లకు వస్తావా అని నన్ను అడిగారు. బస్సెక్కాక చూస్తే సంచి నిండా రబ్బరు గ్లౌజులు. నాపరాళ్ళ దుమ్ముతో తెల్లబడిన రోడ్డు వెంట నడిచి ఒక పాలిష్ షెడ్డులోకి వెళ్ళాం. పని చేస్తున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. వాళ్ళలో పెద్దామె మమ్మల్ని గ్లౌజులు అమ్ముకునేవాళ్ళనుకుని, మాకొద్దు పొమ్మంది. ఊరికే ఇస్తున్నామంటే ఇంకా అనుమానపడింది. ఆమె వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"ఇయ్యి తొడుక్కుంటే రాయి నున్నగైందో లేదో తెలీదమ్మా" అందామె చివరికి. "చేత్తో తడిమితేనే తెలిసేది."

మేడం గ్లౌజులు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నారు. గుడ్డ అడిగి తీసుకుని కాసేపు రాతిని రుద్దారు. తడిమి చూశారు. ఆమె చెప్పింది నిజమేనని ఒప్పుకుని, ఈసారి పల్చటివి తెస్తానన్నారు. అప్పుడు ఆ పెద్దామె ఈమె ముఖంలోకి చూసి అడిగింది.

"ఈ మందులో ఏముండాదో నీకు తెలుసునా?"

మేడం రుద్దిన గుడ్డను మడిచి పక్కన పెట్టారు. "నన్ను అది అడగొద్దమ్మా. చేతులు మాత్రం తడపొద్దు" అన్నారు. పెద్దామె గ్లౌజులు తీసుకుంది.

తిరుగు బస్సులో మేడం కిటికీ పక్కన కూర్చున్నారు. ఊరు దాటాక, నా వైపు తిరగకుండానే, "తెలిసి కూడా నోరు మూసుకోని వచ్చినా" అన్నారు. నేను ఆమె చేయి పట్టుకున్నాను. విడిపించుకోలేదు. అంతకు ముందు ఎప్పుడూ ఆమెను ముట్టుకున్న గుర్తు లేదు నాకు.

తర్వాత కూడా ఆమె వెళ్తూనే ఉన్నారు, ఎక్కువసార్లు ఒంటరిగానే. కొన్ని షెడ్లలో మేస్త్రీలు లోపలికి రానివ్వలేదు. కొన్నింటిలో గ్లౌజులు తీసుకుని, మరుసటిసారి వెళ్తే వాటిని గిన్నెలు తోముకోవడానికి ఇంటికి పట్టుకుపోయామన్నారు. అందుకామె ఏమీ అనుకోలేదు. గిన్నెల దగ్గరైనా పనికొస్తున్నాయి కదా అన్నారు.

కొన్ని నెలలకు ఆ కడప ఆయన మళ్ళీ ల్యాబుకు వచ్చాడు. చేతులు మండుతున్నాయని రెండు మూడు షెడ్లలో ఆడవాళ్ళు ఇక ఆ మందు ముట్టేది లేదన్నారట. డబ్బాలు వెనక్కి వచ్చాయి. మేనేజరు గదికి పోకుండా నేరుగా ఈమె ముందు కూర్చుని, ఏం చేద్దాం మేడం అని అడిగాడు. చెప్పాను కదా అని ఆమె ఒక్క మాట దెప్పలేదు. టీ తెప్పించారు. ఘాటు తగ్గించి కలిపి తెమ్మన్నారు. "కుందేళ్ళు మాత్రం వద్దప్పా ఈ తూరి" అన్నారు.

మనిషి చర్మకణాలను గాజుపాత్రల్లో పెంచి, గుండీ అంత ముక్కలుగా పంపే చోట్లు ఉన్నాయి. ఆ ముక్కల మీద రసాయనం వేసి, కడిగి, రెండు రోజులాగి ఒక రంగు పోస్తారు. కణాలు బతికి ఉంటే ముక్క ఊదారంగుకు తిరుగుతుంది. చచ్చిపోతే తెల్లగా పాలిపోయి ఉంటుంది. దాన్ని తెప్పించమని ఆమె చాలాకాలంగా అడుగుతున్నా, ఖరీదని మావాళ్ళు ఒప్పుకోలేదు. ఈసారి ఆయన సరేనన్నాడు. ఐసుపెట్టెలో బెంగుళూరు నుంచి ముక్కలు వచ్చాయి.

ఫలితం చూసే రోజు నన్ను కూడా రమ్మని కబురు పంపారు. నేను వెళ్ళేసరికి చిన్న పళ్ళెం మీదికి వంగి ఉన్నారు. ముక్కలన్నీ నేరేడుపండు రంగులో ఉన్నాయి. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"బతికే ఉండాది చూడమ్మా" అన్నారు. "దేన్నీ ఏడిపీకుండానే చెప్పింది."

కొత్త డబ్బాల మీద గ్లౌజులు తొడిగిన చేతుల బొమ్మ వచ్చింది. పాత డబ్బాలు అన్నీ వెనక్కి తెప్పించారో లేదో నాకు తెలియదు. మా ల్యాబులో కుందేళ్ళ పరీక్షలు పూర్తిగా ఆగలేదు, తగ్గాయి. ఆమె రిటైరైన రోజున శాలువా కప్పారు. మేనేజరు ఆమె సేవల గురించి చాలాసేపు మాట్లాడాడు. వేదిక కింద కూర్చున్న మాలో ఎవరి వైపూ ఆమె చూడలేదు.

మొన్న ఆమె గది ముందు నలుగురం నిలబడ్డాం. తమ్ముడు వచ్చేవరకూ యజమానురాలు శవం పక్కనుంచి కదలలేదు. ఎన్నాళ్ళుగానో కింద ఉంటున్నా ఆమె వంట ఎలా ఉంటుందో కూడా తెలియదని నాతో అంది. బేతంచెర్ల నుంచి ఎవరూ రాలేదు. వాళ్ళకు ఆమె పేరు కూడా తెలిసి ఉండదు.

నేను ఆమెను చివరిసారి చూసింది పోయిన నెల, ఒక సాయంత్రం. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టారు. ఇద్దరికి కొలత మరిచిపోయానని, నలుగురికయ్యేంత చేశానని చెప్పి రెండోసారి వడ్డించారు. బయట మబ్బు పట్టింది. ఇంకాసేపు కూర్చోమ్మా అన్నారు. పిల్లవాడు బడి నుంచి వచ్చే వేళయిందని లేచాను. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూశాను. ఆమె పై అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి, చినుకు పడుతుందేమోనని ఒక చేయి బయటికి చాచి, అరచేతిని ఆకాశం వైపు తిప్పి ఉంచారు. వాన ఇంకా మొదలుకాలేదు. ఆటో మలుపు తిరిగేదాకా ఆ చేయి అలాగే ఉంది.