కడుపులో పైపు మార్చిన డాక్టరమ్మ

పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మూత తీస్తే చాలు, ఆ ఘాటుకు దవాఖాన వాసన గుర్తొచ్చి డాక్టర్ వసుంధరమ్మ కళ్ల ముందు నిలబడుతుంది. చీము పట్టి ఉబ్బిన రక్తనాళానికి ఆపరేషన్ ఎట్లా చెయ్యాలో ఆమెకు నేర్పింది నేనే. నవ్వకండి. ఇబ్రహీంపట్నం చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో బోరు మోటార్లకైనా, పైపులకైనా ఈ యాదయ్యే దిక్కు. నెల రోజులుగా జ్వరం, నడుంనొప్పి విడవకపోయినా సూదులు వేయించుకుంటూ నాదర్‌గుల్ వెంచర్లలో పైపులు దించాను. చివరికి పట్నం పెద్దదవాఖానలో స్కానింగ్ తీస్తే, గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద నాళం చీము పట్టి బుడగలా ఉబ్బిందన్నారు. ఏ గడియలోనైనా పగలొచ్చట.

"కోసుడొద్దమ్మా. సైకిల్ ట్యూబు ముక్క గట్టిగ చుట్టుండ్రి, ఆగుతది. నేనెన్ని చుట్టలే!" అన్నాను. సంతకం పెట్టనని మొండికేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు. వచ్చి నా మంచం మీదే కూర్చుంది.

"మురికినీళ్ల మోరీ పక్కన పైపు కుళ్లితే ఏం చేస్తవు యాదయ్యా?"

"కుళ్లిన ముక్క కోసేస్త. చుట్టూ బురద తోడేస్త. కడిగినంకనే కొత్తది అతికిస్త."

"నేను చేసేదీ అదే. కాకపోతే బయటి పైపు వేస్తే దానికీ చీము పట్టే భయముంది. నీ తొడలో సిర తీసి అతికిస్త. పైన నీ కడుపులోని కొవ్వు పొరే కప్పుత."

"కాలు సామాను కడుపుల పెడితే మరి నడుస్తనా?"

"నడుస్తవ్. ముందైతే బతుకు."

నేర్పానన్నది జర సాగదీసిన మాటే, ఒప్పుకుంటున్నాను. ఆమెకు అన్నీ తెలుసు. నా భయం పోగొట్టడానికి నా పనినే నా నోట పలికించింది. ఆపరేషన్ అయ్యాక వారాల తరబడి సూదులు పొడిపించుకుని, వాచిన కాలితోనే నడిచి ఇల్లు చేరాను. ఆ తర్వాత ఏ పైపుకూ ట్యూబు చుట్టలేదు. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా బురదంతా తోడి, తుడిచి, ఆరాకే అతికిస్తాను. ఎవరైనా బెదిరితే ధైర్యం చెప్పను, పక్కన కూర్చుని వాళ్ల పని గురించి అడుగుతాను.

ఇదంతా రాసి, ముప్పై ఏళ్లు పనిలో నా పక్కనుండి పైపులు బిగించే పానాలు అందించిన నా భార్య బాలమణికి చదివి వినిపించాను. చిక్కుడుకాయ ఈనె తీస్తూ తలైనా ఎత్తలేదు.

"డాక్టరమ్మకు జవాబు నువ్వెక్కడ చెప్పినవ్? దుప్పటి ముసుగేస్కొని ఏడ్వవట్టినవ్. కోసుడు, తోడుడు, కడుగుడు, అన్నీ చెప్పింది నేను. నీ చెయ్యి వట్టి సంతకం పెట్టిచ్చింది నేను. ముసుగులకెళ్లి నువ్వడిగింది ఒక్కటే, నడుస్తనా అని!"