అత్త చూపించిన చేప

మా అత్త పోయిందని కోట ఊళ్ళోని ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసేటప్పటికి, ఆమె ఫోను నా చేతిలోనే ఉంది. అందులో ఆమె ఇంకా చేపలమ్ముతూనే ఉంది. ఆ పొద్దున ఒడ్డు మీద తీసి స్టేటస్‌లో పెట్టిన వీడియో అది. పెట్టినది ఒక రోజంతా ఉంటుంది కదా, ఉంది. "రాండమ్మా రాండి, ఇప్పుడే పడవ దిగింది, ఐసు కూడా తగల్లా" అని ఆ ఫోనులో ఆమె గొంతు. నా ఫోనులో మా ఆయన ఏడుపు. ఏ చెవితో ఏది వినాలో తెలియక ఒడ్డు మీదే ఇసకలో కూర్చున్నాను.

వీడియో పెట్టాక ఆమె పడవ నీడన కూర్చుని మంచినీళ్ళు అడిగింది. చెంబు అందేలోపలే పక్కకు ఒరిగింది. ఆటో ఎక్కిస్తుంటే నేనూ ఎక్కబోయాను. ఆ స్థితిలోనూ చెయ్యి ఎత్తి నన్ను ఆపింది. "నువ్వు రాబాకమే. చేపలు చూసుకో" అంది. అదే ఆఖరి మాట. కోడలితో చెప్పడానికి అంతకంటే మంచి మాట దొరకలేదా అని కోపం వస్తుంది, ఇప్పటికీ వస్తుంది.

పెద్దకర్మ కూడా అయిపోయింది. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే కాలు నిలవడం లేదు. ఒక వాక్యం రాసి లేస్తాను, పెరట్లోకి పోతాను, ఎందుకు పోయానో తెలియక తిరిగి వస్తాను. ఆమె ఉన్నప్పుడు కూడా ఈ ఇంట్లో ఎవరినీ నిమ్మళంగా కూర్చోనిచ్చిన పాపాన పోలేదు. అన్నం తింటూ లేచేది, మాట మధ్యలో లేచేది. ఫోను చిన్నగా మోగితే చాలు, చెయ్యి కడుక్కోకుండానే తీసేది. ఆ తెర మీద ఎప్పుడూ పులుసు మరకే.

మాది వాకాడు వైపు సముద్రం ఒడ్డు పల్లె. నేను కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె గంప నెత్తిన పెట్టుకుని బస్సెక్కి కోటకు పోయేది. వీధి వీధీ తిరిగేది. ఎండ ఎక్కేకొద్దీ చేప ధర దిగేది. మధ్యాహ్నానికి మిగిలినది ఎవరు ఎంతకు అడిగితే అంతకు ఇచ్చేసి, మెడ పట్టేసి ఇంటికి వచ్చేది. మా ఆయన కొత్త ఫోను కొనుక్కుని, అద్దం పగిలిన పాతది ఆమెకిచ్చాడు. మాట్లాడుకోవడానికి ఇచ్చాడు. ఆమె దానితో అంగడి పెట్టింది.

చదువు రాదు. అందుకని అంతా వాయిసే. కోటలో పాత ఖాతాదార్లు ఆమె నంబరు ఒకరికొకరు ఇచ్చుకుని, గూడూరు దాకా, నెల్లూరు దాకా పాకించారు. ఒడ్డు మీద వేలంపాటలో చేపను పాడుకునేది, అక్కడే వీడియో తీసేది. మా ఊళ్ళో వీడియో పోయేంత సిగ్నల్ దొరికేది సరుగుడు తోపు పక్కన ఇసకదిబ్బ మీద మాత్రమే. చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఆ వయసులో, దిబ్బ పైకి పరిగెత్తేది. పైకి పోయి ఫోను గాలిలోకి ఎత్తి పట్టుకునేది. వీడియో పోయిందని టిక్కు పడేదాకా సముద్రాన్ని, టవర్ని, నన్ను, ముగ్గుర్నీ కలిపి తిట్టేది. డబ్బులు ఫోనుకే వచ్చేవి. చేపలు ఐసులో సర్దుకుని, పెట్టె మీద రంగు గుడ్డముక్క కట్టుకుని బస్సులో పోయేవి. ఎర్రగుడ్డది గూడూరు, పచ్చగుడ్డది నెల్లూరు. కండక్టర్లందరికీ ఆ గుడ్డలు తెలుసు.

వీడియోలో ఆమె ముఖం ఎప్పుడూ కనపడదు. రెండు చేతులూ, చేపా, అంతే. బొటనవేలితో చేప చెవి, అదే మొప్ప, ఎత్తి లోపలి ఎరుపు చూపించేది. "ఒకసారన్నా నీ మొగం చూపించత్తా, జనం నమ్ముతారు" అంటే, "నా మొగం కూర వండుకుంటారా? చెవి చూస్తే చాల్లే" అనేది.

ఆమెకున్న బోణీ పట్టింపు మాత్రం నన్ను చంపుకు తినేది. మొదటి బేరం కుదిరేదాకా మా వాళ్ళు నోటితో 'లేదు' అనరు. గంప మోసిన రోజుల్లో అది సరే, గంపలో ఆ చేప లేదని ఎదురుగా కనపడుతుంది. ఫోనులో ఎట్లా కనపడుతుంది? నెల్లూరు నుంచి ఒక టీచరమ్మ పొద్దున్నే "వంజరం ఉందా అండీ?" అని అడిగింది. మా అత్త, "సముద్రంలో ఉండాది తల్లీ" అని వాయిస్ పెట్టింది. ఆ తల్లి ఏమనుకుందో ఏమో, మసాలా నూరి, చింతపండు నానబెట్టి, చుట్టాలను కూడా పిలిచి, బస్టాండు దగ్గర నిలబడింది. పెట్టె రాలేదు. ఫోను చేసి అరిచింది. మా అత్త ఇంకా గట్టిగా అరిచింది: "సముద్రంలో ఉండాదనే గదమ్మా చెప్పినా! నా కాడ ఉండాదని చెప్పినానా?"

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను. ఆమె మాత్రం ఆ పూటంతా అన్నం తినలేదు. మరుసటి వారం వంజరం దొరికిన పొద్దున మొదటి పెట్టె ఆ టీచరమ్మకే పంపింది. పచ్చగుడ్డ కట్టడంతో ఆగక మూరెడు మల్లెపూలు కూడా చుట్టింది. పూలన్నీ చేపల వాసనే. ఆ టీచరమ్మ తరవాత మమ్మల్ని వదిలిపెట్టనే లేదు.

మా ఇద్దరికీ గొడవ ఒక్కదాని మీదే. వానరోజున, ఎండరోజున, రోజూ వీడియో ఎందుకు, ఒక మంచి ఫోటో తీసి పెట్టుకుందాం, అదే పంపుదాం అన్నాను. పెద్ద పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళు అట్లాగే చేస్తాయి. ఇప్పటికీ అందులో తప్పేమీ కనపడదు నాకు. ఆమె కళ్ళెర్ర చేసింది. "నిన్నటి చేపను చూపించి ఇయ్యాల చేపను పంపేదా? చూపించిందే పోవాల. చూపించినాక అది నాది గాదు, వాళ్ళది" అంది. దిబ్బ ఎక్కి దిగేది నేను కాదు గనక ఊరుకున్నాను.

బాలింతలకు పంపే చేప సంగతి వేరు. మా వైపు పాలు పడాలంటే పాలసొర పెడతారు. ఉడకబెట్టి, ముల్లు తీసి, వెల్లుల్లి దండిగా వేసి, పుట్టు చేసి పెడతారు. సొర అడిగే గొంతు వినగానే ఆమె గొంతు మారిపోయేది. బిడ్డ మొగబిడ్డా ఆడబిడ్డా, కాన్పు ఎట్లా అయింది, అన్నీ అడిగేది. బేరం ఆడేది కాదు, ఆడనిచ్చేది కాదు.

వెంకటాచలం ఊరి నుంచి ఒకామె అట్లాగే అడిగింది. కూతురు తొలికాన్పు. పాలు సరిగా పడలేదు, బిడ్డ ఒకటే ఏడుపు. ఆమె పెట్టే వాయిసుల వెనకాల ఆ ఏడుపు మాకూ వినపడేది. ఆ రోజుల్లోనే సముద్రం పోటు మీద ఉంది, పడవలు సరిగా పోలేదు. పోయినవాటికి సొర పడలేదు. మా అత్త పొద్దున్నే ఒడ్డుకు పోయి పడవ పడవనూ అడిగేది. ఇంటికొచ్చి ఎవరిమీదో ఒకరిమీద విసుక్కునేది. "ఆ బిడ్డ ఏడుస్తావుంటే నాకు కూడు దిగడంల్యా" అనేది.

ఆ పొద్దున పడింది సొర. స్టేటస్‌లో పెట్టిన ఆఖరి వీడియోలో చివర అదే ఉంది. రెండు చేతుల్తో ఎత్తి, "వెంకటాచలం అమ్మా, ఇదో, నీ బిడ్డ కోసరం వచ్చింది చూడు. మాపటి బస్సుకు నీ కాడుంటాది" అంటుంది. ఆ మాటకు ఎంత సంబరమో ఆ గొంతులో.

"పంపించక్కా, నీకు పుణ్యముంటాది" అని అవతలి నుంచి జవాబు వచ్చింది. అది వచ్చేటప్పటికి మా అత్త లేదు.

ఇక చూడండి నా అవస్థ. ఆటో వెనక్కి వచ్చింది, ఆమెను వాకిట్లో పడుకోబెట్టాం. ఫోను ఆగడం లేదు. వీడియో చూసి ఒకరు చందువలంటారు, ఒకరు రొయ్యలంటారు. ఒడ్డు మీద ఐసు పెట్టెలో సొర ఉంది. చావింటి వాళ్ళం, మేము చేపను ముట్టకూడదు. ముట్టినా చావింటి చేపను బాలింతకు ఎవరు పెడతారు? చెప్పకుండా పంపితే మోసం. చెబితే ఆ తల్లి వద్దంటుంది. పంపకపోతే మా అత్త ఇచ్చిన మాట వాకిట్లో ఆమెతోపాటే పడుకుంటుంది. నేను వాకిటికీ వీధికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

మా ఆయనకు చెప్పాను. "అమ్మ ఆడ పడుకోనుంటే నీకు చేపలు కావల్సి వచ్చినాయా?" అని మీదకొచ్చాడు. "నాకు కాదు, ఆమెకు కావాలి!" అని నేనూ అరిచాను. ఏడవడానికి వచ్చిన వాళ్ళంతా ఏడుపు ఆపి మావైపు చూశారు.

అప్పుడు పక్కింటి పెద్దమ్మ లేచింది. ఆమెకూ మా అత్తకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఇప్పటికీ కోటకు గంప మోసే మనిషి ఆమె. "ఫోన్లో ఏం వాసన చూసి కొంటారే చేపలు!" అని గోడ అవతల నుంచి దెప్పిపొడుస్తూ ఉండేది. నన్ను పక్కకు లాగి, "మీ అత్తకూ నాకూ పడదు. బాలింతకూ నాకూ ఏం తగాదా? నాకు మీ మైల ల్యా. ఏ పెట్టెలో పెట్టినారో చెప్పు" అంది. చెప్పాను. ఆమే పోయి సొరను శుభ్రం చేసి, ఐసులో సర్ది, బస్సుకు వేసి వచ్చింది. మిగిలిన చేపల్ని పల్లెలో పంచేసింది.

మాట దాచడం మాత్రం నా వల్ల కాలేదు. సరుగుడు తోపు దాకా పోయి వాయిస్ పెట్టాను. "అమ్మా, నేను కోడల్ని. మీకు సొర చూపించినామె ఈ పొద్దున పోయింది. ఐసు పెట్టె ఒడ్డునే ఉండింది. సర్ది పంపింది పక్కింటామె, మా చెయ్యి తగల్లేదు. పెట్టేదీ మానేదీ మీ ఇష్టం" అన్నాను. రెండు నీలం గీతలు పడ్డాయి. విన్నది. జవాబు లేదు. మేము మా అత్తను సాగనంపి వచ్చాం, అప్పటికీ లేదు.

మరుసటి పొద్దున స్టేటస్ దానంతట అదే పోయింది. ఆ తరవాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. పరామర్శకు వచ్చినవాళ్ళకు నీళ్ళిస్తూ ఫోను చూస్తాను, పిల్లలకు అన్నం పెడుతూ చూస్తాను. ఆ బాలింత పిల్ల తిన్నదా? బయట పారేశారా? పైగా అపశకునమని మమ్మల్ని తిట్టుకుంటున్నారా? అడగడానికి నోరు రాలేదు.

పెద్దకర్మ ముందురోజు పొద్దున వచ్చింది వాయిస్. చెయ్యి కడుక్కోకుండానే ఫోను తీశాను.

"అమ్మాయీ, నీ మాట ఆ పొద్దే విన్నా. ఏం చెప్పాలో తెలీక ఊరకుండినా. మా అత్తగారు ఆ పెట్టెను గడప దాటనీలా. చావింటి చేప బాలింతకా అని ఒకటే గొడవ. నాకూ భయమేసింది, అబద్ధమెందుకు. నా కూతురే లేచొచ్చింది. 'ఆమె ఆఖరున చూపించింది నాకే గదమ్మా, నేను తింటా' అనింది. పుట్టు చేసి పెట్టినా తల్లీ. ఇంకేం చెప్పేది..."

అక్కడ ఆమె మాట ఆగింది. ఫోను మీద వేలు తీయడం మాత్రం మరిచిపోయినట్టుంది. ఫ్యాను తిరిగే చప్పుడు. పసిబిడ్డ ఏడుపు. "ఇదో వస్తుండా, వస్తుండా" అని ఒక పడుచు గొంతు. ఏడుపు దగ్గరగా వచ్చింది, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇక ఆ మెసేజీ అయిపోయేదాకా మాటలేమీ లేవు, బిడ్డ గుటకలు వేస్తూ పాలు తాగే చప్పుడు తప్ప.