వాగొడ్డు బండ మీద పిట్ట అడుగులు

రాజ్యశ్రీ సత్తుపల్లి కాలేజీలో జియాలజీ లెక్చరర్. సెలవొస్తే ఆమె కాలు ఇంట్లో నిలవదు. రాళ్లు వెతుక్కుంటూ తిరుగుతుంది. చండ్రుగొండ అవతలి అడవిపల్లెలో ఉండే భీమక్కతో స్నేహం కలిసింది కూడా ఒక బండ వల్లే.

భీమక్క ఇప్పపువ్వు ఆరబోసుకునే ఆ వాగొడ్డు బండ మీద పక్షి అడుగులున్నాయి. లక్షల ఏళ్ల కిందట అది ఇంకా బురదగా ఉన్నప్పుడు ఏదో పిట్ట నడిచిపోయింది. వేళ్లు సన్నగా, బాగా ఎడంగా ఉన్నాయి కాబట్టి అవి పక్షివేనని రాజ్యశ్రీ గుర్తుపట్టింది. ఏ రకం పక్షి అన్న దగ్గరే చిక్కు వచ్చింది. బండకు ఒక కొసన ముందు మూడు వేళ్లే కనిపిస్తున్నాయి. రెండో కొసన వెనక వేలు కూడా ఉంది. ఇవి రెండు రకాల పక్షులవని హైదరాబాద్ సదస్సులో ఫొటోలు పెట్టి చెప్పింది. అందరూ మెచ్చుకున్నారు.

ఆ వానాకాలం భీమక్కను చూడటానికి వెళ్లింది. భీమక్క మొక్కజొన్న కంకులు కాల్చి పెట్టింది. వాకిట్లో కోడి ఒకటి గట్టి నేల మీంచి బియ్యం కడిగిన నీళ్లు పారబోసిన బురదలోకి నడిచింది. గట్టి నేల మీద మూడు వేళ్లు పడ్డాయి. బురదలో నాలుగోది కూడా దిగింది. రాజ్యశ్రీ చేతిలో కంకి అలాగే ఉండిపోయింది.

"ఏంది మేడమ్, కోడిని గట్ల చూస్తున్నవ్? కూరొండాల్నా?"

"వద్దక్కా. దాన్ని ఇంకోసారి ఇటు తోలు."

భీమక్క గింజలు చల్లింది. మళ్లీ అదే తీరు. రాజ్యశ్రీ వాగు దగ్గరికి పరుగెత్తింది. వెనక వేలున్న అడుగులన్నీ లోతుగా దిగి, అంచుల్లో బురద పొంగి ఉంది. ముందుకు పోయేకొద్దీ అడుగులు పైపైనే పడి, ఆ వేలు మాయమైంది. నడిచింది ఒకే పిట్ట.

"అందరి ముందూ రెండని చెప్పేశానక్కా. ఇప్పుడు కాదని ఏ మొహంతో చెప్పను?" అంది రాజ్యశ్రీ, వెనకే వచ్చిన భీమక్కతో దిగులుగా.

"ఒక పిట్ట తక్కువైంది, గంతే గద. నీ కొలువేమన్న పోతదా?"

"పోదు."

"మరి చెప్పెయ్. కంకి సల్లారుతాంది, తిను."

తరువాతి సదస్సులో రాజ్యశ్రీ లేచి తన పొరపాటు చెప్పింది. తెర మీద భీమక్క కోడి అడుగులు పడగానే హాల్లో నవ్వులు లేచాయి. ఆమెకూ నవ్వొచ్చింది. పెద్ద ప్రొఫెసరు ఒకాయన, తన విద్యార్థులకు చూపించడానికి ఆ ఫొటోలు అడిగి తీసుకున్నారు.

ఆ సంగతి వినగానే భీమక్క మొహం వెలిగిపోయింది. "నా కోడిని పట్నంల జూపించినవా? ముందుగాల చెప్తే కడిగి పెడుదు గద."

అది కొంగ జాతిదా, నీటి ఒడ్డున పురుగులేరుకు తినే ఉల్లంకి పిట్టల జాతిదా అన్నది ఇంకా తేలలేదు. అడుగులు ఇంకో బండ మీద దొరుకుతాయేమోనని ఇద్దరూ వాగు వెంట బయల్దేరారు. భీమక్క కొడవలితో కంప కొట్టుకుంటూ ముందు నడుస్తోంది, జారే చోటల్లా వెనక్కి చెయ్యి చాస్తోంది.