తడి గొంగడి, మామిడికాయ తొక్కు

మన దేశమూ పక్క దేశమూ అణుబాంబులు పేల్చి చూసుకున్న ఎండాకాలం అది. మేం బోధన్‌లో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనది చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు తూకం పని. సీజన్ అయిపోయి ఖాళీగా ఉండటంతో పేపరు మొత్తం చదివేవాడు. బాంబు పడితే కిటికీ లేని గదిలో చేరాలని, దుమ్ము రాకుండా గుమ్మానికి తడి కంబళి కట్టాలని అందులో చదివాడు. మా ఇంట్లో కిటికీ లేనిది నడిమి అర్ర ఒక్కటే. అవ్వ, అంటే బాపు తల్లి, మామిడికాయ తొక్కు పెట్టేది కూడా అందులోనే.

తొక్కు పెట్టిన మూడో నాడు జాడి విప్పి కలపాలి. నీటి చుక్క తగిలిందా, బూజు పడుతుంది. ఏడాది తిండి పోయినట్టే. ఆ రోజు తలస్నానం చేసినవాళ్లు జుట్టు ఆరేదాకా ఆ గడప దగ్గరికి రాకూడదు.

సరిగ్గా ఆ మూడో నాడే పొద్దున ఫ్యాక్టరీ సైరన్ కూసింది. సీజన్ ముగిశాక అది ఎప్పుడూ కూయదు. బాపు గొంగడిని నీళ్ల గోళెంలో ముంచి, నన్నూ అమ్మనూ ముందు తోలుకుంటూ అర్ర దగ్గరికి వచ్చాడు. గొంగడి నుంచి నీళ్లు కారుతున్నాయి. అవ్వ మోచేతిదాకా కారం అంటిన చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే ఆగు."

"అవ్వా, బాంబు పడ్తది."

"పడనీ. తొక్కుల నీళ్లు వడొద్దు."

"మనమే లేకుంటే తొక్కు ఎవలు తింటరే?"

"బాంబు వడకుంటే ఏం తింటవ్? అది చెప్పు ముందుగాల."

బాపు చేతిలోని గొంగడి వంక చూశాడు.

"పొడి గొంగడి తెచ్చుకో, రానిస్త," అంది అవ్వ, కొంచెం మెత్తబడి.

"పొడిది పనిచెయ్యదంట. పేపర్ల రాసిండ్రు."

"పేపరోడు తొక్కు పెట్టిండా ఎన్నడన్న?"

అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. బాపు గొంగడి భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటాయన గోడ మీదుగా చూశాడు.

"ఏందన్నా, గొంగడి కప్పుకొని తానం చేసినవా?"

"సైరన్ ఇనవడలేదా నీకు?"

"రిపేర్ చేసిండ్రంట. మోగుతదా లేదా అని సూస్తుండ్రు."

బాపు గొంగడిని పిండి దండెం మీద ఆరేశాడు. లోపల అవ్వ కలపడం ఆపలేదు.

యుద్ధాల మీద తర్వాత చాలా చదివాను. బాంబు పడకపోతే ఏం తింటావన్న ప్రశ్న ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఆ వానాకాలమే అవ్వ పోయింది, జ్వరంతో, తన మంచంలోనే. దినాల నాడు వచ్చినవాళ్లందరికీ ఆ తొక్కే వడ్డించాం. అడుగుదాకా బూజు లేదు. జాడి విప్పే ముందు బాపు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. అవి పొడిగానే ఉన్నాయి.