పార్సిల్ దొరికింది, పిన్ని మీద నింద పోలేదు

చేపలమ్ముకునే మా పక్కింటి నూకరత్నం పిన్నిని ఈ రోజు కొరియర్ ఆఫీసువాళ్ళు దొంగని చేశారు.

అమ్మ కోసం తెప్పించిన బీపీ మిషన్ రాలేదు. ఫోన్‌లో మాత్రం “పక్కింటి నూకరత్నానికి ఇచ్చాం” అని వచ్చింది. ఆ వేళకి పిన్ని పక్కూరు మునగపాకలో చేపలమ్ముతోంది. తాళం వేసిన ఇళ్ళ పార్సిళ్ళన్నీ ఇన్నాళ్ళూ తీసుకుని భద్రంగా దాచి ఇచ్చింది ఆవిడే. అయినా వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. పిన్ని తన గంప తెచ్చి మా గుమ్మంలో బోర్లించింది.

“సూసుకో బాబూ. సేప పొలుసు తప్ప ఇంకేటీ లేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. నేరుగా ఆఫీసుకెళ్ళాను. పార్సిల్ అక్కడే బల్ల కింద ఉంది!

“తిరిగే ఓపిక లేక మా డెలివరీ కుర్రోడు ఇచ్చేసినట్టు ఫోన్‌లో నొక్కేసేడు. దొరికింది కదా బావా, ఇంకేటి గొడవ?” అని నవ్వాడు మేనేజరు.

“మా వీధికొచ్చి ఆ మాట అందరి ముందూ సెప్పు.”

“సేపలావిడ కోసం నేను రావాలేటి?”

నింద వేయడానికి ఒక్క వేలు చాలింది, తీయడానికి మాత్రం అయ్యగారికి కాళ్ళు రావట! మీ వీధుల్లోనూ ఇంతేనా? చెప్పండి.

రేపు సాయంత్రం ఆరింటికి అందరం ఆ ఆఫీసు ముందు కలుద్దాం. పిన్నికి క్షమాపణ చెప్పడానికి అతను బయల్దేరేదాకా అక్కడే కూర్చుందాం.